రాత్రిపూట వాగన్‌ఆర్ లైట్లు చాలడం లేదు: ఎల్‌ఈడీ వేయించాలా, రిలే వైరింగ్ చేయించాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. నాది 2013 మోడల్ వాగన్‌ఆర్. ఉద్యోగం రాజాంలో, ఇల్లు శ్రీకాకుళంలో. తిరిగి బయల్దేరేసరికి రోజూ చీకటి పడిపోతోంది. చిలకపాలెం దగ్గర హైవే ఎక్కితే ఇంక దిగుల్లేదు, డివైడర్ ఉంటుంది, రోడ్డు మీద రిఫ్లెక్టర్లు మెరుస్తుంటాయి. ఇబ్బందంతా అక్కడి దాకా వచ్చే రోడ్డుతోనే. ఎదురుగా లారీ వచ్చి దాటగానే కాసేపు ఏమీ కనపడదు. పైగా ఇప్పుడు నూర్పుల కాలం. వెనక ఒక్క ఎర్ర లైటు కూడా లేకుండా వరిగడ్డి ట్రాక్టర్లు పోతున్నాయి. దగ్గరికొచ్చాక గానీ అది గడ్డి అని తెలియడం లేదు.

బల్బులు కంపెనీవే, హెచ్4, 60/55 వాట్లు. విశాఖలో ఒక షాపులో అడిగితే 6000 కెల్విన్ (అంటే తెల్లటి రంగు వెలుతురు) ఎల్‌ఈడీ సెట్ వేస్తాం, ఫ్యానుతో వస్తుంది, వెలుతురు డబుల్ అన్నారు. ఇక్కడ ఇంకొకాయన 100/90 హాలోజన్ వేసుకో, అదే చవక అంటున్నాడు. ఐదారు వేలు ఖర్చు పెట్టగలను. వాడినవాళ్ళు చెప్పండి.

టర్బో తమ్ముడు (విశాఖపట్నం):
అన్నా, ఎల్‌ఈడీకే వెళ్ళిపో. ఆలోచించకు. నా స్విఫ్ట్‌కి వేయించాను, రోడ్డు పట్టపగల్లా ఉంటుంది. పాత హాలోజన్‌తో ఎలా నడిపానా అనిపిస్తోంది. కప్లర్ (బల్బు వెనక తగిలించే ప్లగ్గు) తీసి కప్లర్ పెట్టడమే, వైరు కొయ్యక్కర్లేదు. పావుగంట పని.

వైరింగ్ మాస్టారు (విజయనగరం):
నాగావళి గారూ, ఏదైనా కొనే ముందు రెండు మూడు సంగతులు చూసి చెప్పండి.

హెడ్‌లైట్ డూమ్, అంటే ముందుండే ప్లాస్టిక్ అద్దం, పసుపెక్కిందా? ఆ వయసు బండికి ఎక్కే ఉంటుంది. లైట్ల ఎత్తు ఎప్పుడైనా సరిచేయించారా? మూడోది ముఖ్యం: బల్బు దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయి? బ్యాటరీ దగ్గర కాదు, బల్బు దగ్గర. ఇంజన్ ఆన్‌లో, లైటు వెలుగుతూ ఉండగా, కప్లర్ వెనక నుంచి సన్నని పిన్ను దూర్చి మల్టీమీటర్‌తో కొలవాలి. కప్లర్ ఊడదీసి కొలిస్తే లోడు ఉండదు కాబట్టి రీడింగ్ బాగానే కనిపిస్తుంది. దాన్ని నమ్మకండి.

ఎందుకు అడుగుతున్నానంటే, హాలోజన్ బల్బు వెలుతురు వోల్టేజీతో సమానంగా తగ్గదు, ఇంకా గట్టిగా పడిపోతుంది. వోల్టేజీ 5 శాతం తగ్గితే వెలుతురు 16 శాతం దాకా పోతుంది. 10 శాతం తగ్గితే 30 శాతం పోతుంది. కంపెనీ వైరు బ్యాటరీ నుంచి ఫ్యూజు బాక్సుకి, అక్కణ్ణుంచి స్టీరింగ్ దగ్గర స్విచ్‌కి, మళ్ళీ ముందుకి, ఇంతదూరం తిరిగి వస్తుంది. కాంటాక్టులు నల్లబడి, ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంటుంది. మీ బల్బులు మంచివే అయ్యుండొచ్చు, వాటికి తిండి చాలడం లేదేమో.

సాలూరు లారీ (సాలూరు):
టర్బో తమ్ముడూ, మీ పట్టపగలు మా కంట్లో పడుతోంది నాయనా. మా ఇంట్లో మూడు తరాలుగా లారీలే. సాలూరు నుంచి పాచిపెంట దాటి కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కుతుంటే, మలుపు తిరగ్గానే తెల్లటి నీలం లైటు మొహం మీద కొడుతుంది. అది డిమ్ములో ఉందో బ్రైట్‌లో ఉందో తెలీదు. డిప్పర్ కొడితే అవతలివాడు కూడా ‘నాది డిమ్మే’ అన్నట్టు తిరిగి కొడతాడు. లోయ వైపు మేముంటే మా పరిస్థితి ఏమిటి?

టర్బో తమ్ముడు (విశాఖపట్నం):
బాబాయ్, లారీలకి క్యాబిన్ పైన నాలుగేసి లైట్లు, బంపర్‌కి ఎల్‌ఈడీ బార్లు కట్టేది ఎవరు? మాకు కళ్ళు లేవా?

సాలూరు లారీ (సాలూరు):
కట్టేవాళ్ళున్నారు, కాదనను. మా బళ్ళకి లేవు.

పొందూరు ఖద్దరు (పొందూరు):
ఆ రోడ్డు సంగతి నేను చెప్తాను, రోజూ పోతాను కాబట్టి. లైటు ఎంత పెంచినా గొయ్యి గొయ్యే. ముందు వేగం తగ్గించండి. 80లో పోతుంటే బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. మెదడు గుర్తించి కాలు బ్రేకు మీదకి వెళ్ళేలోపే 30 మీటర్లు దాటిపోతారు, ఆపైన బ్రేకు పట్టి ఆగడానికి మరో 35. డిమ్ములైటు పడేదే 50, 60 మీటర్లు. లెక్క మీరే చూసుకోండి.

బొబ్బిలి తంత్రి (బొబ్బిలి):
చట్టం గురించి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి సవరణ వచ్చింది. దానితో చేరిన 182ఎ(4) ప్రకారం ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

అయితే బల్బు మార్చడం ఆ ‘మార్పు’ కిందకి వస్తుందా అని వాదించవచ్చు. ఎందుకంటే 52వ సెక్షన్ చెప్పేది బండి నిర్మాణంలో, దాని మూల లక్షణంలో తేడా తెచ్చే మార్పు గురించి. ఆ వాదన కోర్టులో పనికొస్తుందేమో గానీ రోడ్డు పక్కన పనికిరాదు. ఇంకో రూలు తిన్నగా తగులుతుంది. 1989 నాటి కేంద్ర నియమాల్లో 106వది. 8 మీటర్ల దూరంలో, నేలకి మీటరున్నర ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్ళు బైర్లు కమ్మకుండా లైటు కిందికి వంగి ఉండాలని అది చెబుతుంది. పూర్వం హెడ్‌లైట్ల మధ్యలో నల్ల రంగు బొట్టు పెట్టేవాళ్ళు గుర్తుందా? అదీ ఈ బాధకే.

అదే రకం, అవే వాట్ల మంచి బల్బు వేసుకుంటే ఈ గొడవలేవీ లేవు.

వైరింగ్ మాస్టారు (విజయనగరం):
తంత్రి గారు చెప్పిన 106వ రూలుకీ ఎల్‌ఈడీ బల్బుకీ ఎక్కడ పేచీ వస్తుందో చెప్తాను.

హెచ్4 బల్బు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. లోపల రెండు ఫిలమెంట్లుంటాయి. ముందు వైపు ఉన్నది డిమ్ముది. దాని కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది. ఆ దొప్ప ఉండబట్టే డిమ్ములో వెలుతురు రిఫ్లెక్టర్ పై సగానికే తగిలి, అక్కణ్ణుంచి కిందికి, రోడ్డు మీదకి పడుతుంది. గోడ మీద కొట్టి చూస్తే పైన గీత గీసినట్టు ఆగిపోతుంది, ఎడమ వైపు మాత్రం కొంచెం పైకి లేస్తుంది. మనం ఎడమన నడుపుతాం కాబట్టి రోడ్డు అంచు, నడిచేవాళ్ళు కనపడాలని అలా చేశారు. రిఫ్లెక్టర్ ఒంపు మొత్తం ఆ ఫిలమెంట్ ఎక్కడుందో దాన్ని బట్టి తీర్చినది.

ఎల్‌ఈడీలో ఫిలమెంట్ ఉండదు. పలకకి రెండు వైపులా చిప్పులుంటాయి. అవి ఫిలమెంట్ ఉన్న చోటికి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా గీత చెదిరిపోతుంది. వెలుతురు పైకి పోతుంది, బండి ముక్కు ముందర బాగా తెల్లగా పరుచుకుంటుంది. నడిపేవాడికి ‘అబ్బ, ఎంత వెలుగు’ అనిపించేది ఆ దగ్గరి తెలుపు వల్లే. కానీ దగ్గర ఎక్కువ వెలుగుంటే కన్ను దానికి అలవాటు పడి దూరాన ఉన్నది ఇంకా తక్కువగా కనపడుతుంది. గడ్డి ట్రాక్టరు ఉండేది దూరాన.

కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైటుతో వచ్చిన బళ్ళ సంగతి వేరు. వాటి రిఫ్లెక్టరో లెన్సో ఆ చిప్పు కోసమే చేసినవి. నేను పాత హాలోజన్ డూములో ఎల్‌ఈడీ పెట్టడం గురించే చెబుతున్నాను.

టర్బో తమ్ముడు (విశాఖపట్నం):
మాస్టారూ, మీ పాఠం బాగుంది. నా బండిలో మాత్రం దూరం కూడా బాగానే కనపడుతోంది మరి. అందరి సెట్లూ ఒక్కలా ఉండవు.

వైరింగ్ మాస్టారు (విజయనగరం):
గోడ మీద కొట్టి ఫొటో పెట్టు తమ్ముడూ. మాట్లాడుకుందాం.

అరసవల్లి మెట్టు (శ్రీకాకుళం):
నేను కళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తాను. లైట్ల గురించి ఇంత మాట్లాడారు, కళ్ళ గురించి ఒక్కరూ అనలేదు. అరవై ఏళ్ళ మనిషి కంటి లోపలి పొరకి చేరే వెలుతురు, ఇరవై ఏళ్ళవాడికి చేరేదాంట్లో మూడో వంతే. శుక్లం మొదలైతే ఎదుటి లైటు చుట్టూ వలయాలు కనిపిస్తాయి, ‘ఎదుటివాడు డిమ్ చెయ్యడు’ అని తిట్టుకుంటూ ఏళ్ళు గడిపేస్తారు. నాగావళి గారూ, లారీ దాటాక చాలాసేపు ఏమీ కనపడకపోతుంటే ఒకసారి చూపించుకోండి. అద్దాలు వాడేవాళ్ళయితే యాంటీ గ్లేర్ పూత ఉన్నవి వాడండి, గీతలు పడ్డవి మార్చండి. ఇక రాత్రి డ్రైవింగ్ కోసమని పసుపు కళ్ళద్దాలు అమ్ముతున్నారు కదా, అవి వచ్చే కాస్త వెలుతురునీ తగ్గిస్తాయి. వాటితో చూపు మెరుగవదు.

ఇంకోటి, ముందు అద్దం లోపలి వైపు ఎప్పుడు తుడిచారు? ఏసీ వేసే బండిలో డ్యాష్‌బోర్డు నుంచి వచ్చే ఆవిరి లోపల జిడ్డుపొరలా పేరుకుంటుంది. పగలు తెలీదు. రాత్రి ఎదురు లైటు పడగానే అద్దమంతా తెల్లబడుతుంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మేడమ్, థ్యాంక్స్. ఆ జిడ్డుపొర మాట నిజమే, గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లగా వచ్చింది.

మాస్టారూ, తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర మీరు చెప్పినట్టే కొలిపించాను. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. కుడి బల్బు దగ్గర 11.9, ఎడమ దానికి ఒక పిసరు ఎక్కువ. డూమ్‌లు రెండూ పసుపే.

వైరింగ్ మాస్టారు (విజయనగరం):
అంతే. 13.9లో 2 వోల్టులు దారిలోనే పోతున్నాయి. అంటే నిండుగా అందితే వచ్చే వెలుతురులో దాదాపు 40 శాతం మీకు రావడం లేదు. దానికి డూమ్ పసుపు తోడు. ఈ రెండూ సరిచెయ్యకుండా ఏ బల్బు వేసినా డబ్బు దండగ.

రిలే వైరింగ్ చేయించండి. రిలే అంటే చిన్న కరెంటుతో మీటితే పెద్ద కరెంటుని కలిపే స్విచ్. డిమ్ముకి ఒకటి, బ్రైట్‌కి ఒకటి, రెండు రిలేలు. బ్యాటరీ ప్లస్ నుంచి తిన్నగా దళసరి వైరు, 2.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకుండా, రిలే 30వ కాలికి. 87వ కాలి నుంచి బల్బుకి. 85, 86 కాళ్ళకి పాత కప్లర్ నుంచి సిగ్నల్. అంటే మీ స్టీరింగ్ స్విచ్ ఇకమీదట రిలేని మీటుతుంది, బల్బు కరెంటు మొత్తాన్నీ మోయదు. ఎర్త్ కూడా కొత్తగా, దగ్గర్లో బాడీకి, పెయింటు గీకి బిగించాలి. ఫ్యూజు బ్యాటరీకి ఒక జానెడు లోపలే ఉండాలి. రిలే దగ్గర పెట్టి ఊరుకుంటారు కొందరు. మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే ఆ ఫ్యూజు దాన్ని ఆపదు, బండి అంటుకుంటుంది.

రెడీమేడ్ హార్నెస్ (రిలేలతో వచ్చే వైర్ల కట్ట) దొరుకుతుంది, సిరామిక్ హోల్డర్లతో ఉన్నది తీసుకోండి. కంపెనీ వైరు ఎక్కడా కొయ్యనివ్వకండి. రేపు ఏదైనా తేడా వస్తే హార్నెస్ పీకి పాత కప్లర్ బల్బుకి పెట్టేసుకోవచ్చు. ఒక హెచ్చరిక: కొన్ని బళ్ళలో డిమ్-బ్రైట్ స్విచ్ ప్లస్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది. టెస్ట్ ల్యాంప్ పెట్టి చూసుకోకుండా బిగిస్తే డిమ్మూ బ్రైటూ కలిసి వెలుగుతాయి.

100/90 మాట మరిచిపోండి. 60 వాట్ల ఫిలమెంట్ 5 ఆంపియర్లు లాగితే 100 వాట్లది 8 దాటి లాగుతుంది. పాత కప్లర్ మీద వేస్తే ప్లాస్టిక్ కరిగి బల్బు కాళ్ళకి అతుక్కుపోతుంది. రిలే వేసినా ఆ వేడికి రిఫ్లెక్టర్ మీది మెరిసే పూత మాడుతుంది. రోడ్డు మీద వాడే బల్బు కాదది. అదే 60/55లో ఓస్రామ్ నైట్ బ్రేకర్ లాంటివి వస్తాయి, డబ్బులుంటే అవి వేసుకోండి. వెలుతురు దూరం పోతుంది, కాకపోతే మామూలు బల్బు కంటే ముందే మాడిపోతాయి. నీలం పూత పూసిన బల్బులు మాత్రం వద్దు, ఆ పూత వెలుతురుని తినేస్తుంది.

కోటబొమ్మాళి కుర్రాడు (కోటబొమ్మాళి):
డూమ్‌కి టూత్‌పేస్ట్ రుద్దితే పోతుందంట కదా?

వైరింగ్ మాస్టారు (విజయనగరం):
పోతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది. నీళ్ళ కాగితం 1000, 1500, 2000 వరసగా తడిపి రుద్ది, పాలిష్ కొట్టి, పైన ఎండకి తట్టుకునే క్లియర్ కోటు వేస్తేనే నిలుస్తుంది. పసుపెక్కడానికి కారణం ఎండ. కంపెనీ పూత పోయాక పాలికార్బొనేట్‌కి రక్షణ ఉండదు. చుట్టూ పెయింటుకి టేపు వేసి మరీ రుద్దు.

గరుగుబిల్లి జామ (పార్వతీపురం):
మా వైపు ఇంకో సమస్య. ఏనుగులు. మన్యంలో రాత్రి రోడ్డు మీద కనపడితే హారన్ కొట్టొద్దు, బ్రైట్ కొట్టొద్దు. దూరంగా ఆపి డిమ్ చేసుకుని, అవి దాటేదాకా ఆగండి. ఫొటోలకి దిగకండి. దీనికీ హెడ్‌లైటుకీ సంబంధం ఏమిటంటే, బంపర్ మీద బార్ లైటు కట్టుకున్నవాళ్ళు ‘బాగా కనపడుతుందని’ అవి కొట్టి చూస్తున్నారు. ఏనుగుకి కోపం వస్తే మీ బండి ఏ మోడలో చూడదు.

సింహద్వారం (శ్రీకాకుళం):
ప్రొజెక్టర్ ల్యాంపులు (బల్బు ముందు గుండ్రటి లెన్సు ఉండేవి) పెట్టించడం గురించి ఎవరూ అనలేదు. గీత చాలా శుభ్రంగా వస్తుంది, ఎదుటివాడికి ఇబ్బంది ఉండదు. అయితే డూమ్ వేడి చేసి గమ్ము వదిలించి తెరవాలి, మళ్ళీ అతికించాలి. నాకు చేసిన షాపువాళ్ళు సీలింగ్ సరిగ్గా వెయ్యలేదు. తొలి వానకే లోపల నీళ్ళు, అద్దం మీద మంచు పట్టినట్టు ఆవిరి. తిరిగి వెళ్తే ‘వర్షంలో నడిపితే మరి అంతేగా’ అన్నారు. వర్షంలో నడపకూడని హెడ్‌లైటు అమ్మారన్నమాట. ఖర్చు కూడా నాగావళి గారి బడ్జెట్టుకి చాలా పైన.

బొబ్బిలి తంత్రి (బొబ్బిలి):
డూమ్ తెరిచి చేసింది కాబట్టి అక్కడ 52వ సెక్షన్ గురించి వాదించడం ఇంకా కష్టం. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేయిస్తే, క్లెయిమ్ వచ్చిన రోజున సర్వేయర్ మొదట చూసేది అదే.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
పని అయింది. డూమ్‌లు రుద్దించి కోటింగ్ వేయించాను, రిలే హార్నెస్ బిగించారు, కొత్త 60/55 బల్బులు. ఇప్పుడు బల్బు దగ్గర 13.5 వస్తోంది. ఎల్‌ఈడీకి అనుకున్న డబ్బులో సగం కూడా కాలేదు. తేడా బాగా తెలుస్తోంది, రంగు కూడా పసుపు పోయి తెల్లబడింది. కానీ మధ్యలో కొందరు డిప్పర్ కొడుతున్నారు. లైటు పైకి పోతోందా?

వైరింగ్ మాస్టారు (విజయనగరం):
డూమ్ ఊడదీసి పెట్టి ఉంటారు, ఎత్తు కదిలింది. సమంగా ఉన్న నేల, ఎదురుగా గోడ చూసుకోండి. రైసు మిల్లు గోడ, కల్యాణమండపం ప్రహరీ, ఏదైనా సరే. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, సీట్లో మీ బరువున్న మనిషి కూర్చోవాలి. బండిలో లెవెలింగ్ చక్రం (లోపలి నుంచే లైట్ల ఎత్తు మార్చేది) ఉంటే సున్నాలో పెట్టండి. గోడకి ఆనించినంత దగ్గరగా ఆపి, బల్బు మధ్య భాగం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద టేపు అంటించండి. తర్వాత తిన్నగా 10 మీటర్లు వెనక్కి తీసి డిమ్ వెయ్యండి. పై గీత ఆ టేపుకి 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. ఒక్కో లైటుని వేరువేరుగా, రెండోదానికి గుడ్డ కప్పి చూసుకోండి. వెనక ఉన్న ప్లాస్టిక్ స్క్రూని స్క్రూడ్రైవర్‌తో తిప్పితే కదులుతుంది. డిమ్ము సరిపెడితే చాలు, హెచ్4లో బ్రైట్ దానంతటదే సర్దుకుంటుంది.

వెనక సీట్లో నలుగురు, డిక్కీలో బియ్యం బస్తాలు వేసుకుంటే ముక్కు పైకి లేస్తుంది, అప్పుడు మళ్ళీ దించుకోవాలి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మిల్లు గోడ దగ్గర చూశాను మాస్టారూ. కుడిది టేపు కంటే పైనే ఉంది. దించాక డిప్పర్లు ఆగాయి. ఎదుటి లారీ దాటాక గుడ్డితనం ఇంకా కొంత ఉంది, కంటి పరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. వానల్లో పనికొస్తాయని పసుపు ఫాగ్ ల్యాంపులు వెయ్యమంటున్నారు, వేసుకోనా?

సాలూరు లారీ (సాలూరు):
మంచులో, వానలో అయితే మంచిదే. బంపర్‌లో ఎంత కిందికి ఉంటే అంత మేలు, మంచు కింద నుంచి వెలుగు పోతుంది. మామూలు రాత్రుల్లో మాత్రం ఆపేసుకోండి. ఘాట్‌లో ఫాగ్ లైట్లేసుకుని పొడి రోడ్డు మీద వచ్చేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

టర్బో తమ్ముడు (విశాఖపట్నం):
మాస్టారూ, గోడ ఫొటో పెట్టాను, చూడండి. గీత ఉందా లేదా?

వైరింగ్ మాస్టారు (విజయనగరం):
గీత ఉంది తమ్ముడూ, కానీ దాని పైన కూడా తెలుపు పరుచుకుని ఉంది చూడు, ఆ కిటికీ దాకా వెళ్ళింది. బల్బు కాలర్ దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, అది వదులు చేసి చిప్పులు తిన్నగా కుడి ఎడమలకి ఉండేలా తిప్పి బిగించు. కొంత తగ్గుతుంది. తగ్గాక మళ్ళీ ఫొటో పెట్టు. నాగావళి గారూ, మీ ఫ్యూజు బ్యాటరీ దగ్గరే పెట్టారా? బానెట్ ఎత్తి దాని ఫొటో కూడా ఒకటి పెట్టండి.